బతికాడుగా, ఇంకేం కావాలి?

జిల్లా పేజీల్లో అప్పుడప్పుడూ ఒకే మూసలో ఒక వార్త కనిపిస్తుంటుంది. తెల్లకోట్లు వేసుకున్న డాక్టర్లు వరసగా నిలబడి ఉంటారు. మధ్యలో గుండుతో, మాస్కుతో, చేతిలో పూలగుత్తితో ఓ కుర్రాడు. పక్కన ఎముక మజ్జ ఇచ్చిన అక్కో తమ్ముడో. పైన ‘అరుదైన శస్త్రచికిత్స విజయవంతం’ అని శీర్షిక. అది శస్త్రచికిత్స కాదన్న సంగతి అలా ఉంచండి. రక్తం ఎక్కించినట్టు నరంలోకి గొట్టం పెట్టి ఎక్కించేదాన్ని ఆపరేషన్ అని రాయడం మనవాళ్లకు అలవాటే. నా పేచీ ఆ ఫొటో తీసిన తేదీతో. అప్పటికి మజ్జ మార్పిడి జరిగి నెలో నెలన్నరో అయి ఉంటుంది. దాత కణాలు కుదురుకుని తెల్లకణాలు లెక్కకు రావడానికి రెండు మూడు వారాలు, ఇంటికి పంపడానికి మరికొన్ని రోజులు. ఈ చికిత్స తెచ్చిపెట్టే దీర్ఘకాలపు బాధలు తలెత్తేది సాధారణంగా మూడు నెలల తర్వాత, చాలామందికి మొదటి ఏడాదిలో. అంటే అసలు ప్రశ్న పుట్టకముందే జవాబు అచ్చయిపోతోంది.

ఈ వార్త వెనక ఒక నమ్మకం ఉంది. అది పత్రికలవాళ్లది మాత్రమే కాదు. బంధువులది, ఆఫీసు మేనేజర్లది, పథకాలు రాసే అధికారులది, కొంతవరకు డాక్టర్లది కూడా. జబ్బు రక్తంలో ఉంది, రక్తాన్నే మార్చేశారు, కనుక జబ్బు పోయింది. వంద రోజులు దాటితే గండం గడిచినట్టే. ఆ తర్వాత కూడా ఒంట్లో బాగాలేదంటే నీకు మనోధైర్యం లేదన్నమాట, లేకపోతే నువ్వు సరిగా జాగ్రత్త పడటం లేదన్నమాట. వీటన్నిటికీ పైన, చావు నోట్లోంచి బయటపడ్డవాడివి, ఇంకా ఏమిటి నీ ఏడుపు? ఈ నమ్మకం తప్పు. దానివల్ల మనుషుల కళ్లూ ఊపిరితిత్తులూ సంసారాలూ పాడవుతున్నాయి. మజ్జ మార్పిడి ఒక ప్రాణాంతకమైన జబ్బును తీసేసి, దాని చోట జీవితాంతం కనిపెట్టుకుని ఉండాల్సిన మరో స్థితిని పెడుతుంది. చాలామంది విషయంలో అది చేయదగ్గ బేరమే. కానీ పుచ్చుకున్నదాన్ని ఊరేగించి, చెల్లించినదాన్ని దాచిపెట్టడం న్యాయం కాదు.

ఈ వ్యవహారంలో నేను తటస్థురాలిని కాను, ముందే చెప్పేస్తున్నాను. మా తమ్ముడికి అప్లాస్టిక్ ఎనీమియా. మజ్జ ఖాళీ అయిపోయి ఒంట్లో రక్తం తయారుకావడం ఆగిపోయే జబ్బు. ఇంట్లో అందరికీ, దాతగా ఎవరు సరిపోతారో చూసే హెచ్‌ఎల్‌ఏ పరీక్ష చేస్తే కలిసింది నాది. కొన్ని రోజులపాటు ఇంజెక్షన్లు పొడిపించుకుని, మిషన్ పక్కన గంటల తరబడి చేయి చాపుకుని పడుకుని కణాలు ఇచ్చాను. వాడి బ్లడ్ గ్రూపు ఇప్పుడు నాదే. ‘అక్క రక్తమే తమ్ముడి ఒంట్లో పారుతోంది’ అని ప్రతి రాఖీ పండక్కీ ఎవరో ఒకరు కళ్లు తుడుచుకుంటారు. నిజమే, పారుతోంది. వాడి కన్నీటి గ్రంథుల్ని ఎండబెట్టింది కూడా ఆ రక్తమే. ఈ రెండో వాక్యం ఎవరూ అనరు.

మూత్రపిండం మార్చినప్పుడు ఒళ్లు ఆ కొత్త అవయవం మీద తిరగబడుతుంది. మజ్జ మార్పిడిలో వ్యవహారం తలకిందులు. ఇక్కడ కొత్తగా వచ్చేది రోగనిరోధక వ్యవస్థే. దానికి చర్మం, కాలేయం, పేగులు, ఊపిరితిత్తులు అన్నీ పరాయివిగా కనిపిస్తాయి. పరాయిదాన్ని కొట్టడమే దాని పని కనుక కొడుతుంది. డాక్టర్లు గ్రాఫ్ట్ వర్సెస్ హోస్ట్ డిసీజ్ అంటారు, ఓపీ ముందు కూర్చున్నవాళ్లందరూ జీవీహెచ్‌డీ అంటారు. మొదట్లో విరుచుకుపడేది ఒక రకం. నెమ్మదిగా వచ్చి ఏళ్ల తరబడి తిష్ఠ వేసేది రెండో రకం. ఇంకొకరి కణాలు ఎక్కించుకుని బతికి బట్టకట్టినవాళ్లలో సుమారు మూడోవంతు నుంచి సగం మందికి ఈ రెండో రకం వస్తుంది. (మైలోమా అనే రక్త కాన్సర్ వాళ్లకు చేసినట్టు తన కణాలే తనకు తిరిగి ఎక్కించే పద్ధతి వేరు. అందులో ఈ గొడవ లేదు. మన వార్తల్లో మాత్రం రెండూ ఒకటే.)

ఇదేమైనా కొత్తగా బయటపడిన రహస్యమా అంటే కాదు. డాక్టర్ డొనాల్ థామస్ అమెరికాలో ఆరుగురికి చేసిన మొదటి మార్పిడుల గురించి వైద్యపత్రికలో రాసింది 1957లో. ఆ ఆరుగురిలో ఒక్కరు కూడా ఎక్కువకాలం బతకలేదు. ఆయన పట్టు వదలకుండా పనిచేస్తే 1990లో నోబెల్ వచ్చింది. మన దేశంలో 1983లో ముంబై టాటా మెమోరియల్లో, 1986లో వెల్లూరు సీఎంసీలో మొదలైంది. అంటే మనకూ నలభై ఏళ్ల అనుభవం ఉంది. మార్పిడి తర్వాత ఏళ్లు గడిచినవాళ్లు ఎలా ఉన్నారో అమెరికాలో పెద్ద ఎత్తున లెక్క తీశారు. 1974, 1998 మధ్య మార్పిడి జరిగి కనీసం రెండేళ్లు బతికిన 1,022 మందిని, వాళ్ల తోడబుట్టినవాళ్లతో పోల్చి చూశారు. ఆ ఫలితాలు 2010లో అచ్చయ్యాయి. మార్పిడి జరిగినవాళ్లలో 66 శాతానికి ఏదో ఒక దీర్ఘకాలిక అనారోగ్యం ఉంది, 18 శాతానికి అది తీవ్రమైనది లేదా ప్రాణం మీదికి తెచ్చేది. తోడబుట్టినవాళ్లలో ఆ అంకెలు 39, 8. ఒకే తల్లి కడుపున పుట్టి ఒకే ఇంట్లో పెరిగినవాళ్ల మధ్య ఇంత తేడా ఉంటే దాన్ని ‘మనసు బలహీనత’ ఖాతాలో ఎలా రాస్తారు?

ఇక వంద రోజుల లెక్క. అదొక శకునంలా తయారైంది. వందో రోజు దాటగానే ఇంట్లో సత్యనారాయణ వ్రతం, ఆఫీసు నుంచి ‘ఎప్పుడు జాయినవుతున్నారు?’ అని ఫోను. పాతకాలంలో డాక్టర్లు తమ సౌకర్యం కోసం వంద రోజుల్లోపు వస్తే ఒక రకమనీ, తర్వాత వస్తే ఇంకో రకమనీ గీత గీసుకున్న మాట నిజం. ఆ గీత పనికిరాదని, లక్షణాల్ని బట్టి చూడాలని 2005లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు కూర్చోబెట్టిన నిపుణులే తేల్చేశారు. గీసినవాళ్లే చెరిపేసుకున్నారు, మనం మాత్రం ఆ చోటే నిలబడి కొబ్బరికాయ కొడుతున్నాం. దీనివల్ల జరిగే నష్టం చిన్నది కాదు. పెద్దాసుపత్రి పక్కన అద్దె గది ఖాళీ చేసి కుటుంబం ఊరికి తిరిగొచ్చేది దాదాపు అప్పుడే. జీవీహెచ్‌డీని ఎన్నడూ చూడని ఊళ్లోకి, సరిగ్గా అది మొదలయ్యే వేళకు, మనిషిని తెచ్చి దించుతున్నాం.

ఎలా మొదలవుతుందో చెబుతాను. కంట్లో ఇసక పడ్డట్టు ఉంటుంది. ఫ్యాను గాలి పడదు, ఏసీ పడదు, వెలుతురు పడదు. ఊళ్లో కళ్లద్దాల షాపు పక్కనున్న డాక్టరు ఎలర్జీ అని చుక్కలు రాస్తాడు. తమ్ముడు ఆ చుక్కలతో నెలలు గడిపాడు. పూటకోసారి వేసే చుక్కలు గంటకోసారి అయ్యాయి, రాత్రిళ్లు కళ్లకు టేపు అంటించుకుని పడుకునేదాకా వచ్చింది. నల్లగుడ్డు మీద పుండ్లు పడేదాకా ఆగనక్కర్లేదు, తెల్లగుడ్డు మీద కూర్చునే పెద్ద సైజు స్క్లీరల్ లెన్సులు ఉంటాయి, వాటిలో సెలైన్ నింపి పెట్టుకుంటే చూపు నిలుస్తుంది. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఆ పని చేస్తారు. అంటే వైద్యం మన గడప దగ్గరే ఉంది. అక్కడికి వెళ్లమని చెప్పాల్సినవాడికి మనిషి ‘నయమైనవాడు’గా కనపడటమే అడ్డు.

నోటి సంగతి ఇంకా బాధాకరం, తెలుగువాడికి మరీను. చెంపల లోపల తెల్లటి గీతలు, పుండ్లు, ఉమ్ము ఊరకపోవడం. ఆవకాయ సరే, చారులో మిరియం కూడా ఓర్చుకోలేరు. టూత్‌పేస్టులో పుదీనా ఘాటు సైతం మండుతుంది. మజ్జిగన్నం, ఉడకబెట్టిన బంగాళాదుంప, మళ్లీ మజ్జిగన్నం. పెళ్లి పంక్తిలో వాడి విస్తరి చూసి ‘ఇంకా పథ్యమేనా? అతి జాగ్రత్త పనికిరాదురా, కాస్త గోంగూర నాలిక్కి రాసుకో’ అని ఒక పెద్దాయన కొసరి వడ్డించాడు. ప్రేమతోనే. ఉమ్ము తగ్గడం వల్ల పళ్లు వరసగా పుచ్చిపోతాయి. ఏళ్ల తరబడి అలా ఒరుసుకున్న నోట్లో కాన్సర్ వచ్చే అవకాశం కూడా ఎక్కువ, అందుకే ఏటా నోరు చూపించుకోవాలని మార్గదర్శకాలు చెబుతాయి. మార్పిడి జరిగిన మనిషికి నోరు ఎందుకు చూడాలో తెలిసిన పళ్ల డాక్టర్లు మన మండల కేంద్రాల్లో ఎంతమంది ఉంటారో మీరే ఊహించుకోండి.

చర్మం బిగుసుకుపోవడం, మోచేతులు పూర్తిగా చాచలేకపోవడం, ఎండ తగిలితే దద్దుర్లు తిరగబెట్టడం, ఇవన్నీ ఉంటాయి. మన వేసవిలో ఎండ తగలకుండా బతకమని చెప్పడం తేలిక. వీటికి మొదట ఇచ్చే మందు స్టెరాయిడ్, వైసొలోన్ మాత్రలు. దానితో ముఖం ఉబ్బి గుండ్రంగా తయారవుతుంది. చూడవచ్చినవాళ్లు ‘ఒళ్లు చేశావు, బాగా తేరుకున్నావు’ అని మురిసిపోతారు. లోపల ఆ మాత్రే షుగరు తెచ్చి, ఎముకలు గుల్లచేసి, కంట్లో శుక్లాలు పెంచి, తుంటి ఎముక తలకు రక్తం అందకుండా చేస్తుంటుంది. ముప్పై ఏళ్లు నిండని మనిషికి తుంటి కీలు మార్చాల్సి రావడం ఈ రోగుల్లో వింతేమీ కాదు. స్టెరాయిడ్ ఒక్కటే సరిపోయేది సుమారు సగం మందికి. మిగతావాళ్లకు రెండో మందు, మూడో మందు. రోగనిరోధకతను అణిచే ఈ చికిత్స సామాన్యంగా రెండు మూడేళ్లు, కొందరికి అంతకన్నా చాలా ఎక్కువ కాలం సాగుతుంది.

ఇక్కడ ఒక ఓదార్పు మాట వినిపిస్తుంది, అది చదువుకున్నవాళ్ల నోటి నుంచే వస్తుంది కనుక దానికి జవాబు చెప్పాలి. ‘జీవీహెచ్‌డీ కొంచెం ఉండటం మంచిదేనండీ, ఆ కణాలే కాన్సర్ని కూడా తింటాయి.’ ఇందులో సగం నిజం ఉంది. లుకేమియా వాళ్లలో ఈ దాడి ఉన్నవాళ్లకు జబ్బు తిరగబెట్టడం తక్కువ. కానీ మన దగ్గర మార్పిడి చేయించుకునేవాళ్లలో తలసీమియా పిల్లలు, అప్లాస్టిక్ ఎనీమియా వాళ్లు బోలెడంతమంది. వాళ్ల ఒంట్లో తినడానికి కాన్సర్ కణమే లేదు. వాళ్లకు జీవీహెచ్‌డీ వల్ల వీసమెత్తు లాభం ఉండదు, నష్టం మాత్రమే. అందుకే ఇలాంటి జబ్బుల్లో తుంటి ఎముక నుంచి నేరుగా తీసిన మజ్జ మేలని, నరంలోంచి మిషన్ ద్వారా సేకరించిన కణాలతో దీర్ఘకాలిక జీవీహెచ్‌డీ ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. బయటి దాతల విషయంలో 2012లో వచ్చిన పెద్ద అధ్యయనంలో ఆ తేడా 53 శాతం, 41 శాతం. మిషన్ పద్ధతి తేలిక, దాతకు మత్తు ఇవ్వక్కర్లేదు, ఆపరేషన్ థియేటర్ అక్కర్లేదు. అందుకని అదే ఎక్కువగా నడుస్తోంది. ఒక్కోసారి దానికి గట్టి కారణాలూ ఉంటాయి. మాకు మాత్రం రెండు దార్లు ఉన్నాయన్న సంగతే ఎవరూ చెప్పలేదు. బిడ్డల్ని కన్న ఆడదాని కణాలు మగవాడికి ఎక్కిస్తే ఈ బెడద ఇంకా ఎక్కువన్నది వైద్యులకు ఎప్పట్నుంచో తెలిసిన సంగతి. కడుపులో మగబిడ్డను మోసిన ఒంటికి మగ కణాల మీద ముందే గురి ఉంటుంది. ఇదీ నాకు తర్వాత తెలిసింది. తెలిసినా ఇచ్చేదాన్నే, వేరే దాత లేరు. కానీ తెలిసి ఇచ్చి ఉంటే, కళ్లు మండుతున్నాయన్న మొదటి రోజే వాణ్ణి బస్సెక్కించేవాళ్లం.

‘మనోధైర్యమే సగం మందు’ అనేవాళ్లకు ఊపిరితిత్తుల సంగతి ఒక్కటి చెబితే చాలు. దాత కణాలు గాలిగొట్టాల చివరి కొమ్మల్ని మచ్చకట్టించి మూసేస్తాయి. మూసుకున్న కొమ్మ మళ్లీ తెరుచుకోదు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని మనిషి గుర్తించేసరికే ఊపిరి సామర్థ్యం చాలామేర పోయి ఉంటుంది. ముందే పట్టుకోవాలంటే మొదటి ఏడాది మూడు నెలలకోసారి గొట్టంలోకి గట్టిగా ఊది చేసే స్పైరోమెట్రీ పరీక్ష చేయించాలి. కొద్ది వందల రూపాయల పని. ఆ మిషన్ జిల్లాకేంద్రంలో ఛాతీ డాక్టర్ల దగ్గర ఉంటుంది. లక్షలు పోసి మార్పిడి చేయించి, ఈ వందల పరీక్ష రాయించకుండా పంపించి, ఊపిరి అందక తిరిగొచ్చినవాడికి ‘పాజిటివ్‌గా ఉండండి’ అని చెప్పడాన్ని ఏమనాలి?

జాగ్రత్త లేకపోవడం వల్లనే అని తప్పు పట్టేవాళ్లు మరో జాతి. వాళ్ల చేతిలో మొదట చిక్కేది తల్లి. జ్వరం వస్తే ఆవిడ నీళ్లు సరిగా కాచలేదంటారు. ఆవిడేమో ఏళ్ల తరబడి పాత్రలు మరగబెడుతూ, దుమ్ము ఎగిరే వీధిలో కిటికీలు మూసుకుని బతుకుతుంటుంది. జ్వరాలకు కారణం కొత్త రోగనిరోధక వ్యవస్థ చంటిపిల్లది కావడం, పైగా మందులతో దాన్ని అణిచి ఉంచడం. చిన్నప్పుడు వేయించుకున్న టీకాల జ్ఞాపకం చాలావరకు తుడిచిపెట్టుకుపోతుంది. ధనుర్వాతం, కోరింత దగ్గు, పోలియో ఇంజెక్షన్, హెపటైటిస్-బి, న్యుమోకోకల్ అన్నీ మళ్లీ వేయించుకోవాలి. తట్టు టీకా లాంటి సజీవ టీకాలకు రెండేళ్లు ఆగాలి, అప్పటికి జీవీహెచ్‌డీ లేకుండా, అణిచే మందులు మానేసి ఉంటేనే వేస్తారు. మన పీహెచ్‌సీలో ఉచిత టీకాల పట్టీ పిల్లలకూ గర్భిణులకూ రాసింది. మీసాలొచ్చిన మనిషి వెళ్లి పెంటావాలెంట్ వేయమని అడిగితే ఏఎన్ఎం అక్కయ్య నవ్వక ఏం చేస్తుంది? ఇంకో చిక్కు ఎవరికీ తట్టదు. అలాంటి మనిషి ఉన్న ఇంట్లో పసిపిల్లకు నోటి పోలియో చుక్కలు వేయించకూడదు, ఇంజెక్షన్ రూపంలోనే వేయించాలి. ఆ చుక్కల్లో ఉన్నది బతికున్న వైరస్. పల్స్ పోలియో రోజుల్లో ఇంటికొచ్చిన ఆశా కార్యకర్తకు ఇది వివరించి చూడండి. మీరు టీకాల వ్యతిరేకులని పక్కవీధి దాకా పాకుతుంది.

కోవిడ్ తర్వాత ‘ఇమ్యూనిటీ’ అనే మాట ఇంటింటికీ వచ్చి పడింది. చుట్టాలు తిప్పతీగ కషాయం సీసాలు పట్టుకొస్తారు. కాలేయం పాడైన కొందరు రోగుల్లో అందుకు తిప్పతీగే కారణమని మన దేశంలో డాక్టర్లే 2021లో రాశారు. అదట్లా ఉంచి, మా తమ్ముడికి ఇప్పుడున్న జబ్బే రోగనిరోధక కణాలు అతిగా రెచ్చిపోవడం. వాటికి ఇంకా బలం పెంచుతామంటారు!

ఇప్పుడు ఎవరూ ఎత్తని సంగతి. పిల్లలు పుట్టే శక్తి. మార్పిడికి ముందు పాత మజ్జను తుడిచేయడానికి బుసల్ఫాన్ లాంటి మందులో, ఒళ్లంతా రేడియేషనో ఇస్తారు. పెద్ద మోతాదులో ఇస్తే ఆడపిల్లల అండాశయాలు చాలామందిలో శాశ్వతంగా ఆగిపోతాయి, మగవాళ్లలో వీర్యకణాలు పోతాయి. అప్లాస్టిక్ ఎనీమియాలో వాడే మందులు కాస్త నయం, కొంతమందికి ఆ శక్తి తిరిగొస్తుంది. కుర్రాళ్ల వీర్యాన్ని ముందే భద్రపరచడం ఖరీదైన పని కాదు, ఒకట్రెండు రోజుల వ్యవహారం. విజయవాడ నుంచి కరీంనగర్ దాకా ఏ ఊరి బస్టాండు దగ్గర చూసినా సంతాన సాఫల్య కేంద్రం హోర్డింగే. అయినా చికిత్సకు ముందు ఈ మాట ఎత్తే డాక్టరు తక్కువ, ఎత్తితే ‘ముందు ప్రాణం దక్కనివ్వండి’ అని నోరు మూయించే పెద్దవాళ్లు ఎక్కువ. ప్రాణం దక్కింది. ఇరవై రెండేళ్ల పిల్లకు నెలసరి ఆగిపోయింది, ఒళ్లు ఆవిర్లు, ఎముకల నొప్పులు. హార్మోను మాత్రలతో చాలావరకు సర్దగలిగిన బాధ. ఆ పిల్లను ఆడడాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఊళ్లో తెలుస్తుందని, సంబంధాలు రావని తల్లిదండ్రులు వెనకాడతారు.

పెళ్లయిన స్త్రీల మాట మరీ చీకట్లో ఉంది. జీవీహెచ్‌డీ జననాంగాన్ని కూడా వదలదు. అక్కడి పొర ఎండి, పగిలి, అతుక్కుని, దారి సన్నబడిపోతుంది. మొగుడి దగ్గరికి వెళ్లాలంటే నరకం. మొదట్లోనే చూస్తే పూతమందులతో ఆపవచ్చు. ఏటా స్త్రీవైద్య పరీక్ష చేయించాలని నియమం ఉంది. ఓపీలో మగడాక్టరు, పక్కనే మామగారు, వెనక క్యూ. ఏ కోడలు నోరు విప్పుతుంది? ఆవిడ విప్పలేదు కనుక బాధ లేదని రికార్డులో పడుతుంది. రికార్డులో లేదు కనుక మన దేశంలో ఇది అరుదని డాక్టర్లు అనుకుంటారు. బతికినందుకు కృతజ్ఞతగా ఉండాలన్న ఒత్తిడి ఎక్కువ పడేది వీళ్ల మీదే. ‘నీకోసం పొలం అమ్మాడమ్మా’ అని ఒక్కసారి అన్నాక ఇక ఆ ఇల్లాలు తన నొప్పి గురించి ఎవరికి చెప్పుకుంటుంది?

డబ్బు దగ్గరికి వద్దాం. దాత మార్పిడికి ప్రైవేటులో పది నుంచి పాతిక లక్షలు అవుతుంది. సాయం చేసే దారులు లేకపోలేదు. కోల్ ఇండియా డబ్బుతో 2017లో మొదలైన తలసీమియా బాల సేవా యోజన కింద ఒక్కో బిడ్డకు పది లక్షల దాకా ఇస్తున్నారు, తర్వాత అప్లాస్టిక్ ఎనీమియాను కూడా చేర్చారు. మంచి పథకం, దాన్ని తప్పుపట్టను. సమస్యల్లా ఇలాంటి సాయాల రూపకల్పనలోనే ఉంది. అవి ఒక సంఘటనకు డబ్బిస్తాయి. సంఘటన అయిపోయింది, ఫైలు మూసేశారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్ని గుర్తించింది. అందులో తలసీమియా ఉంది, హీమోఫీలియా ఉంది, సికిల్ సెల్ ఉంది. అంటే రక్తజబ్బు కూడా మనిషిని కుంగదీస్తుందని చట్టానికి తెలుసు. దీర్ఘకాలిక జీవీహెచ్‌డీ మాత్రం ఆ పట్టీలో లేదు. చూపు బాగా తగ్గితే చూపు ఖాతాలో, కీళ్లు బిగుసుకుంటే నడక ఖాతాలో అడుక్కోవాలి. కన్ను సగం, ఊపిరి సగం, చేయి సగం పోయినవాడికి ఏ ఖాతాలోనూ అంకె నిండదు.

వీటన్నిటికీ ఎదురుగా వచ్చే అభ్యంతరాలు రెండు, రెండూ మంచివాళ్ల నుంచే. మొదటిది: ఇవన్నీ ముందే చెబితే భయపడి మార్పిడి మానేస్తారు, మానేస్తే చచ్చిపోతారు. నేను చాలామంది రోగుల కుటుంబాలతో వరండాల్లో గడిపాను. తీవ్రమైన అప్లాస్టిక్ ఎనీమియాతో ప్లేట్‌లెట్ల కోసం రోజూ దాతల్ని వెతుక్కునేవాడు, తర్వాత కళ్లు ఎండిపోవచ్చని చెబితే మానుకోడు. పొలం అమ్మకానికి పెట్టేటప్పుడు ఆ డబ్బంతా మార్పిడికే పెట్టేయకుండా తర్వాతి రెండేళ్లకు కొంత పక్కన ఉంచుకుంటాడు. పెద్దాసుపత్రికి ఒక రాత్రి ప్రయాణం దూరంలో ఉద్యోగం చూసుకుంటాడు. చెప్పకపోవడం వల్ల తప్పిపోయేది ఈ ఏర్పాటే. ఇంకోటి కూడా ఉంది. అర్ధాంతరంగా మందులు మానేసినవాళ్లలో నేను చూసినవాళ్లంతా ‘నయమైపోయింది కదా’ అన్న మాట నమ్మినవాళ్లే.

రెండోది: పేద దేశం, మార్పిడి చేయడానికే డబ్బుల్లేవు, తర్వాతి ముచ్చట్లు ఎక్కడ? కొత్త మందుల విషయంలో ఈ మాటకు కొంత బలం ఉంది. 2021లో అమెరికాలో దీర్ఘకాలిక జీవీహెచ్‌డీకి అనుమతి పొందిన రక్సోలిటినిబ్ మధ్యతరగతి ఇంటిని కూడా వంచేస్తుంది. అయితే మార్పిడి జరిగినవాళ్లకు ఏటా ఏమేం చూడాలో అంతర్జాతీయ వైద్యసంఘాలు కలిసి 2006లో రాసి, 2012లో సవరించిన పట్టీ ఒకసారి చదవండి. థైరాయిడ్, షుగరు, కొలెస్టరాల్, బీపీ, ఊపిరి పరీక్ష, కంటి పరీక్ష, నోటి పరీక్ష, ఎముకల సాంద్రత, టీకాలు. ఇందులో ఎముకల స్కాను తప్పిస్తే దాదాపు అన్నీ మన జిల్లా ఆసుపత్రి స్థాయిలో జరిగేవే. లేనిది డబ్బు కన్నా ముందు, ఫలానావాడికి ఇవి అవసరమని రాసిన ఒక కాగితం. డిశ్చార్జి సమ్మరీలో దాత వివరాలూ కీమో మోతాదులూ నాలుగు పేజీలుంటాయి. ఊళ్లో డాక్టరు రాబోయే ఐదేళ్లలో ఏం చూడాలో ఒక పేజీ, తెలుగులో, ఉండదు.

మందులకు దారి కూడా కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. కిడ్నీ మార్పిడి జరిగినవాడు జీవితాంతం మాత్రలు మింగాలని మన సమాజం ఒప్పుకుంది. వాణ్ణి ఎవరూ ‘నయమైపోయావుగా, ఇంకా మాత్రలేంటి’ అని అడగరు. ఆ మార్పిడి తర్వాత వాడే మందులకు ఆరోగ్యశ్రీలో ప్యాకేజీ పెట్టారు. మా తమ్ముడు మెడికల్ షాపులో కొనుక్కునే టాక్రోలిమస్, వైసొలోన్ కూడా ఆ మందులే, ఆ కంపెనీలవే. ఆ ప్యాకేజీ కాగితంలో జబ్బు పేరు రాసిన గడిలో ఇంకో పేరు చేర్చాలి, గడువు రాసిన గడిలో ‘అవసరం ఉన్నన్నాళ్లూ’ అని రాయాలి, స్పైరోమెట్రీకీ కంటి చుక్కలకీ టీకాలకీ మూడు వరసలు కలపాలి.